పైప్‌లైన్ ఓట్ల మీద మా రిప్రజెంటేటివ్, మా సెనేటర్ ఇచ్చిన వివరణ: నా రివ్యూ

రేటింగ్ ముందే ఇచ్చేస్తా. మా స్టేట్ రిప్రజెంటేటివ్‌కి (రాష్ట్ర దిగువ సభ సభ్యుడు) అయిదుకి రెండున్నర, మా స్టేట్ సెనేటర్‌కి (ఎగువ సభ సభ్యురాలు) అయిదుకి నాలుగు. తమాషా ఏంటంటే, నాకు నచ్చినట్టు ఓటేసింది రెండున్నర వచ్చినాయన, నచ్చని ఓటేసింది నాలుగొచ్చినావిడ. నేను మార్కులేస్తున్నది ఓటుకి కాదు, ఆ ఓటు ఎందుకేశారో నియోజకవర్గంలో ఉండే నాలాంటి వాడికి కూర్చోబెట్టి చెప్పే పనికి. అది కూడా మన పన్నుల మీద నడిచే సర్వీసే, అమెరికాలోని ఈ అయోవా రాష్ట్రంలో ఒక్కో సభ్యుడికి ఏడాదికి 25,000 డాలర్ల జీతం. బిర్యానీలో ఉప్పు ఎక్కువైతే రాత్రికి రాత్రి రివ్యూ పెట్టేస్తాం, దీనికెందుకు పెట్టకూడదు అనిపించి రాస్తున్నా. ఇద్దరి పేర్లూ, జిల్లా నంబర్లూ రాయను. ఇద్దరూ రిపబ్లికన్లే అని మాత్రం చెప్తా, ఎందుకంటే రైతు ఒప్పుకోకపోయినా పొలంలోంచి పైప్‌లైన్ వేయొచ్చా అన్న ఈ గొడవలో పార్టీని బట్టి ఓటు ఊహించే వీల్లేదు.

మేముండేది అయోవా మధ్యభాగంలో, ఊరి చివర కొన్ని ఎకరాలతో ఉన్న ఇంట్లో. పక్కనంతా మొక్కజొన్న. సమ్మిట్ కార్బన్ సొల్యూషన్స్ వాళ్ల కార్బన్ డయాక్సైడ్ పైప్‌లైన్ గీత మా పొలంలోకి రాలేదు గానీ, పక్క రైతు పొలం మధ్యలోంచి, మా పెరట్లో నిలబడితే కనిపించే చోటు నుంచి పోతుంది. ఆయన సంతకం పెట్టనన్నాడు. అక్కడ మొదలైంది నా ఆసక్తి. గుళ్లో కలిసే ఒకాయన, "మనకెందుకురా తమ్ముడూ, మన పొలం కాదుగా, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చినప్పుడు చూసుకుందువులే" అన్నాడు. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లయినా ఎమ్మెల్యేని కలవడం అంటే చేతులు కట్టుకుని వరండాలో నిలబడటమే అనుకునే బ్యాచ్ ఆయన.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. అయోవాలో పండే మొక్కజొన్నలో సగానికి పైగా, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కే పోతుంది. మొక్కజొన్నని పులియబెట్టి ఇథనాల్ చేసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని పట్టి, నొక్కి, పైపులో పెట్టి నార్త్ డకోటా తీసుకెళ్లి భూమిలోపల దాచేస్తే ప్రతి టన్నుకీ 85 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ, పన్నెండేళ్ల పాటు. ఆ రాయితీ సెక్షన్‌ని అందరూ 45క్యూ అంటారు. ఆ రాయితీ అంత పెరగకముందే, 2021లోనే సమ్మిట్ వాళ్లు అయిదు రాష్ట్రాల మీదుగా పైప్‌లైన్ వేస్తామని వచ్చారు, తర్వాత ఇంకా ప్లాంట్లు కలిసి అది దాదాపు 2,500 మైళ్లకు పెరిగింది. అయోవా భాగానికి ఇక్కడి యుటిలిటీస్ బోర్డు (పైప్‌లైన్ పర్మిట్లు ఇచ్చే రాష్ట్ర సంస్థ, ఇప్పుడు పేరు యుటిలిటీస్ కమిషన్) 2024 జూన్‌లో ఒప్పుకుంది, ఒప్పుకోని రైతుల దగ్గర బలవంతపు భూసేకరణ చేసుకునే హక్కుతో సహా. పొలం రైతు పేరునే ఉంటుంది, పైన పంట వేసుకోవచ్చు, కింద పైపు మాత్రం వాళ్లది. మన దగ్గర 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైప్‌లైన్ల చట్టం కింద గ్యాస్ కంపెనీలు చేసేది కూడా దాదాపు ఇదే కాబట్టి గోదావరి జిల్లాల వాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక అసెంబ్లీ సంగతి. దిగువ సభ అయిన అయోవా హౌస్‌లో వందమంది, ఎగువ సభ సెనేట్‌లో యాభై మంది. 2023లో హౌస్ ఒక బిల్లు పాస్ చేసింది: దారిలో 90 శాతం భూమి యజమానులు ఇష్టపూర్వకంగా ఇస్తేనే మిగతాది బలవంతంగా తీసుకోవాలి అని, 73-20 ఓట్లతో. సెనేట్ దాన్ని ముట్టుకోలేదు. 2025 మార్చి 26న, బలవంతపు భూసేకరణని కట్టడి చేసే హెచ్.ఎఫ్. 639 అనే బిల్లు హౌస్‌లో 85-10తో నెగ్గింది. ఈసారి సెనేట్‌లో డజను మంది రిపబ్లికన్లు మొండికేసి, పైప్‌లైన్ బిల్లు చర్చకు పెట్టకపోతే బడ్జెట్‌కి ఓటెయ్యం అని కూర్చున్నారు. మే 12న అది 27-22తో పాసైంది. పదమూడు మంది రిపబ్లికన్లు, పద్నాలుగు మంది డెమోక్రాట్లు కలిసి గెలిపించారు. జూన్ 11న గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ వీటో చేశారు. ఈ మొత్తంలో నా రిప్రజెంటేటివ్ ఎటు, నా సెనేటర్ ఎటు, ఎందుకు అన్నదే నేను అడిగింది.

రిప్రజెంటేటివ్‌తో మొదలుపెడతా. హౌస్ ఓటింగ్ అయిన వారంలోనే ఈమెయిల్ రాశా. జవాబు త్వరగానే వచ్చింది, అది ఒప్పుకోవాలి. ఇక్కడ సభ్యులకు విడిగా ఆఫీసు గదులుండవు, సభలో వాళ్ల డెస్కే ఆఫీసు, సెషన్ జరిగినన్నాళ్లూ ఒక్క క్లర్క్ ఉంటారు. అంత తక్కువ మందితో జవాబు రావడమే గొప్ప. కానీ ఏం వచ్చింది? "పైప్‌లైన్ గురించి మీ ఆందోళనని పంచుకున్నందుకు ధన్యవాదాలు, ఆస్తి హక్కు మన రాష్ట్రానికి పునాది, ఆ హక్కు కోసం నేను ఎప్పుడూ నిలబడ్డాను, నిలబడతాను" అని మూడు పేరాలు. పక్క రైతుకీ అదే ఉత్తరం, కామా తేడా లేకుండా. నేనడిగింది ఏంటంటే, బిల్లులో ఇన్సూరెన్స్ షరతు ఎందుకు పెట్టారు, అది ఎవరికి వర్తిస్తుంది, 25 ఏళ్ల పర్మిట్ పరిమితి ఎవరి ఆలోచన అని. వీటిలో ఒక్కదానికీ ఒక్క ముక్క జవాబు లేదు. అడిగిన కూర పక్కన పెట్టి అప్పడాలు వడ్డించినట్టుంది.

ఏప్రిల్‌లో శనివారం పొద్దున లైబ్రరీలో లెజిస్లేటివ్ ఫోరమ్ పెట్టారు. సెషన్ నడిచే నెలల్లో ఇవి చాలా ఊళ్లలో జరుగుతాయి. పెద్ద ఫ్లాస్కులో పల్చటి కాఫీ, పేపర్ ప్లేట్లో డోనట్లు, ముందు వరుసల్లో అన్నీ నెరిసిన తలలు, రైతులు ఎక్కువ, వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు. ప్రశ్నలు నోటితో అడగనివ్వరు. చిన్న అట్టముక్కలు ఇస్తారు, రాసిస్తే మోడరేటర్ చదువుతారు. ఈ పద్ధతి మీద నాకు కోపం ఉంది. నా అట్టముక్కలో "ఈ బిల్లు సెనేట్‌లో ఆగిపోతుందని గత రెండేళ్ల అనుభవం ఉంది కదా, ఆ ధీమాతోనే హౌస్‌లో అంతమంది ఎస్ అన్నారా? సెనేట్ వాళ్లతో మీరు ఏం మాట్లాడారు?" అని రాశా. మోడరేటర్ దాన్ని "పైప్‌లైన్ మీద సెనేట్ వైఖరి గురించి మీ అభిప్రాయం?" అని చదివారు. పళ్లు పీకేసిన పులిలా బయటికొచ్చింది నా ప్రశ్న. ఆయన చిరునవ్వు నవ్వి, "సెనేట్ సంగతి సెనేట్ చూసుకుంటుంది, హౌస్ తన పని చేసింది" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి.

కావాలంటే ఇది ఆయన తప్పు కాదు, మోడరేటర్ తప్పు అనొచ్చు. అందుకే అయ్యాక కాఫీ దగ్గర పట్టుకుని సూటిగా అడిగా. మనిషి మర్యాదస్తుడు, పేరు అడిగారు, ఎక్కడుంటారు అని అడిగారు, మా పక్క రైతు తాతగారి దగ్గర తను చిన్నప్పుడు ఎండాకాలం పనిచేశానని చెప్పారు. ఓటు గురించి మాత్రం మళ్లీ ఆస్తి హక్కు దగ్గరికే వచ్చారు. ఇన్సూరెన్స్ క్లాజు గురించి అడిగితే "అది కమిటీలో చర్చించారు" అన్నారు. ఆ కమిటీలో ఆయన లేరు, చదవలేదని నాకు అర్థమైంది. చదవకపోవడం పాపం కాదు, ఒక్క సెషన్‌లో వందల బిల్లులు, ఎవరూ అన్నీ చదవలేరు. "అది నేను లోతుగా చూడలేదు, కనుక్కుని రాస్తా" అని ఉంటే ఇంకో స్టార్ ఇచ్చేవాణ్ణి.

ఎస్ అన్న ఓటు వివరించడం చాలా తేలిక, అదే ఇక్కడ చిక్కు. 85 మంది అన్న ఎస్‌లో మీ ఎస్ ఒకటి, రైతులు వాళ్లంతట వాళ్లే థాంక్స్ చెప్తారు, వివరించే అవసరమే రాదు. ఆ గుంపులో నిజంగా నమ్మి వేసినవాళ్లెవరో, ఎలాగూ సెనేట్ గోడ దాటదని ధైర్యంగా వేసినవాళ్లెవరో తెలుసుకోవడానికి ఒకే దారి, మిగతా ఓట్ల గురించి అడగడం. సవరణల మీద ఎటు వేశారు, సెనేట్ నాయకత్వాన్ని బహిరంగంగా అడిగారా, వీటో వచ్చాక ఏం చేశారు. ఆ మూడింటికీ మా రిప్రజెంటేటివ్ దగ్గర గట్టి జవాబు లేదు.

సెనేటర్ సంగతి దీనికి పూర్తిగా తిరగేసి. ఫోరమ్‌లో ఆవిడ పెద్దగా మాట్లాడలేదు, చర్చకు వస్తే చూద్దాం అని ఊరుకున్నారు, అది నాకప్పుడు చిరాకేసింది. మే 12న ఆవిడ నో అన్నారు. రాత్రి ఓటింగ్ రికార్డు చూసి ఉడికిపోయి కాస్త ఘాటుగానే ఈమెయిల్ రాశా. సెషన్ మే 15 తెల్లవారుజామున ముగిసింది, అంతవరకూ జవాబు లేదు, ఇక రాదనుకున్నా. తర్వాత ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్. స్పామ్ అనుకుని ఎత్తలేదు. వాయిస్ మెయిల్‌లో ఆవిడే: "మీ ఈమెయిల్‌కి ఈమెయిల్‌లో జవాబు రాయలేను, చాలా పొడుగవుతుంది, శనివారం లైబ్రరీలో ఒక గంట ఉంటా, రండి, మీ పక్కాయన్ని కూడా తీసుకురండి." పక్కాయన రానన్నాడు, వస్తే గొడవ మాటలతో ఆగదన్నాడు. నేనొక్కణ్ణే వెళ్లా.

ఆవిడ బిల్లు ప్రింటు తీసుకొచ్చారు. అది చూసే నాకు సగం కోపం తగ్గింది. అంచుల్లో పెన్సిల్‌తో గీతలు, కొన్ని చోట్ల ప్రశ్నార్థకాలు, ఒక పేజీ మీద కాఫీ మరక. నా ఈమెయిల్ కూడా ప్రింటు తీసి నా ప్రశ్నలకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకున్నారు. మొదటి మాటే "నేను నో అన్నాను, అది మారదు, మిమ్మల్ని ఒప్పించడానికి రాలేదు" అన్నారు. అక్కడి నుంచి వరసగా చెప్పుకుంటూ వచ్చారు.

ఒకటి, ఈ బిల్లు కేవలం బలవంతపు భూసేకరణ గురించే అయితే తను ఆలోచించేదాన్నని అన్నారు. అందులో చాలా కలిపారు: కార్బన్ పైప్‌లైన్ పర్మిట్‌ని 25 ఏళ్లకు పరిమితం చేయడం, నష్టం జరిగితే కట్టగలిగే ఇన్సూరెన్స్ కంపెనీ చూపించడం, యుటిలిటీస్ కమిషన్ సభ్యులు విచారణలకు స్వయంగా రావడం, సొంత సరుకే కాకుండా బయటివాళ్ల సరుకు కూడా మోస్తామని కంపెనీ రుజువు చూపించడం. కమిషనర్లు విచారణకు రావాలన్నది తనకీ ఇష్టమేనని, విడిగా తెస్తే ఎస్ అనేదాన్నని చెప్పారు. ఇన్సూరెన్స్ రాతలు మాత్రం ఒక్క కార్బన్ పైపుకే ఆగవని, ఇప్పటికే భూమిలో ఉన్న మిగతా ప్రమాదకర ద్రవాల లైన్ల మీదా పడతాయని ఆవిడ వాదన. ఆ పేరా వేలు పెట్టి చూపించారు. నేను చదివా. నాకది ఆవిడ చెప్పినంత భయంకరంగా కనిపించలేదు, కానీ పదాలు వదులుగా ఉన్నాయన్న మాట నిజమే.

రెండు, సవరణలు. చివరి ఓటుకి ముందు సవరణలు వచ్చాయి, వాటిలో తనకు కావాల్సినదానికి ఓటేశానని, అది వీగిపోయిందని, అందుకే ఆఖర్న నో అన్నానని చెప్పారు. ఇక్కడొక కిటుకు ఉంది. సెనేట్ ఒక్క కామా మార్చినా బిల్లు మళ్లీ హౌస్‌కి పోవాలి, సెషన్ చివరి రోజుల్లో అలా వెనక్కి పోవడమంటే చాలాసార్లు చావడమే. కాబట్టి "సవరణకు ఎస్, బిల్లుకు నో" అన్నవాళ్లలో నిజంగా బిల్లు బాగుచేద్దామనుకున్నవాళ్లూ ఉంటారు, చంపుదామనుకున్నవాళ్లూ ఉంటారు. నేను ఇదే ముఖం మీద అడిగేశా. ఆవిడ నవ్వి, "రెండు రకాలూ ఉన్నారు, నేను మొదటి రకం అని మీరు నమ్మక్కర్లేదు, సవరణ నంబరు ఇస్తా, చదివి మీరే తేల్చుకోండి" అన్నారు. అట్టముక్క వెనక ఎస్ అక్షరంతో మొదలయ్యే నంబరు రాసిచ్చారు. రాజకీయ నాయకులతో మాట్లాడినప్పుడు ఇలా చేతిలో సాక్ష్యం పెట్టి పంపినవాళ్లని నేను ఇంతకుముందు చూడలేదు.

మూడో ప్రశ్న దగ్గర గట్టిగా వాదించుకున్నాం. 25 ఏళ్ల పరిమితి పెడితే ఎవరూ పెట్టుబడి పెట్టరు అన్నది ఆవిడ మాట. నేనన్నా, అమ్మా, పన్ను రాయితీ వచ్చేదే పన్నెండేళ్లు కదా, ఆ లెక్కన పాతికేళ్లు సరిపోక ఏమవుతుంది? ఆవిడ ఒక్క క్షణం ఆగారు. రాయితీ ఒక్కటే లెక్క కాదు, కార్బన్ తక్కువున్న ఇథనాల్‌కి కాలిఫోర్నియా లాంటి చోట్ల ఎక్కువ ధర, రేపు విమానాల ఇంధనానికి ఇథనాల్ అమ్మాలంటే ఈ పైపు కావాలి, అది లేకపోతే పక్క రాష్ట్రాల ప్లాంట్లు మన ప్లాంట్లని తినేస్తాయి, ప్లాంటు మూతపడితే మొక్కజొన్న ధర పడేది మీ పక్కాయనకే అన్నారు. వాదన వినడానికి బాగానే ఉంది. అయితే అంత లాభం ఉన్న చోట రైతుకి నచ్చే ధర ఇచ్చి ఒప్పించుకోవచ్చు కదా, బలవంతం ఎందుకు అని అడిగా. "దారిలో ఒక్కరు కాదంటే మొత్తం ఆగిపోతుంది" అన్నారు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. సౌత్ డకోటా 2025 మార్చిలో కార్బన్ పైప్‌లైన్లకి బలవంతపు భూసేకరణ వద్దని చట్టమే చేసింది, అక్కడేం ఆకాశం విరిగిపడలేదు. అది గుర్తుచేస్తే, "అవును, అందుకే ఆ రాష్ట్రంలో దారి మూసుకుపోయింది" అన్నారు. ఏప్రిల్‌లో అక్కడి కమిషన్ సమ్మిట్ దరఖాస్తుని రెండోసారి తిరస్కరించిన మాట నిజం. ఒకే వాస్తవం ఇద్దరం చెరో వైపు లాక్కున్నాం.

భద్రత గురించి కూడా అడిగా, అసలు నా సొంత భయం అదే. 2020 ఫిబ్రవరిలో మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర కార్బన్ డయాక్సైడ్ లైను పగిలింది. వానలకి నేల జారి పైపు విరిగింది. ఆ గాలి మామూలు గాలికన్నా బరువు, పల్లానికి దిగి అక్కడే పరుచుకుంటుంది, కార్ల ఇంజన్లు కూడా ఆగిపోయాయి. సుమారు 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆసుపత్రికి వెళ్లారు. ఎవరూ చనిపోలేదు. మనకి నగరం అనే ఊళ్లో జరిగింది ఇంకా గుర్తుంది కాబట్టి ఈ మాటలు ఊరికే చదివి వదిలెయ్యలేం. 2014 జూన్ 27న కోనసీమలోని ఆ ఊళ్లో తెల్లవారకుండానే గ్యాస్ లైను పేలి ఇళ్లకు ఇళ్లే తగలబడ్డాయి, ఇరవై మందికి పైగా పోయారు. అది మండే గ్యాస్, ఇది మండదు, రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు. ఆవిడకి నగరం గురించి చెప్పా. ఊరి పేరు అడిగి రాసుకున్నారు. తర్వాత చెప్పింది మాత్రం నాకు కొత్త: పైపు మందం ఎంత, వాల్వులు ఎక్కడ, లీకు ఎలా పసిగట్టాలి అన్న భద్రతా నిబంధనలు ఫెడరల్ ప్రభుత్వానివి, రాష్ట్రం వాటిలో వేలు పెట్టలేదు. దారి ఎటు, పర్మిట్ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం రాష్ట్రానిది. "మీ భయానికి ఈ బిల్లులో మందు లేదు, ఎస్ అన్నవాళ్లు ఉందని చెప్తే అడగండి, ఏ పేజీలో అని" అన్నారు. ఈ ఒక్క సంగతి మా రిప్రజెంటేటివ్ ఫోరమ్‌లోనే చెప్పి ఉంటే అక్కడున్న సగం అట్టముక్కలు అవసరమయ్యేవి కావు.

మరి ఒక స్టార్ ఎందుకు కోసినట్టు? అన్నీ నచ్చాయని అనుకోవద్దు. ఎన్నికల చందాల గురించి అడిగితే "అన్నీ ఎథిక్స్ బోర్డు సైట్లో ఉన్నాయి, చూసుకోండి" అని తేల్చేశారు. సైట్లో ఉన్న మాట నిజమే, కానీ అడిగింది సైటుని కాదు, మనిషిని. ఇంకా పెద్ద కంప్లయింట్ ఏంటంటే, ఇంత వివరంగా చెప్పగల మనిషి ఓటుకి ముందు నోరు విప్పలేదు. ఏప్రిల్ ఫోరమ్‌లోనే ఈ పెన్సిల్ గీతల కాపీ తెచ్చి చెప్పి ఉంటే రైతులు వాదించేవాళ్లు, ఎవరికి తెలుసు, ఆవిడ సవరణకి ఇంకో రెండు ఓట్లు పడేవేమో. అయ్యాక ఇచ్చే వివరణ ఎంత బాగున్నా ఆలస్యపు వివరణే.

వీటో తర్వాత రిప్రజెంటేటివ్‌కి ఇంకో అవకాశం ఇద్దామనిపించింది. హౌస్ స్పీకర్ పాట్ గ్రాస్లీ, వీటోని తోసిపుచ్చడానికి ప్రత్యేక సమావేశం పెట్టించేందుకు సంతకాలు సేకరిస్తున్నామన్నారు, దానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది సంతకాలు కావాలి. అప్పటి సెనేట్ మెజారిటీ లీడర్ జాక్ విట్‌వర్ తమవైపు ఆసక్తి లేదని తేల్చేశారు. నేను ఒక్కటే వాక్యం రాశా: మీరు సంతకం పెట్టారా లేదా? జవాబు వచ్చింది. "గవర్నర్ నిర్ణయం నన్ను నిరాశపరిచింది, ఆస్తి హక్కు మన రాష్ట్రానికి పునాది..." ఇక మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అవునో కాదో అన్న ముక్క మాత్రం లేదు. మళ్లీ రాశా, ఈసారి సబ్జెక్ట్ లైన్లోనే ప్రశ్న పెట్టి. నాయకత్వంతో కలిసి పనిచేస్తున్నాం అని వచ్చింది. ఇక్కడే మూడు నుంచి రెండున్నరకి దిగింది.

సెనేటర్‌కి వీటో మీద రాయనేలేదు, ఆవిడే రెండు లైన్లు పంపారు. గవర్నర్ వీటో సందేశంలో కమిషనర్లు విచారణలకు హాజరు కావాలన్న భాగం బాగుందని, దాన్ని కమిషనే అమలు చేయాలని అడిగారు, చదవండి అని లింకు. నేను అనుకున్నది నాకు దక్కలేదు గానీ, తను నాతో లైబ్రరీలో అన్నమాట మీద నిలబడిందని తెలియడం కోసమైతే అది పనికొచ్చింది.

మన దగ్గరి వాళ్లకి ఇదంతా చదివితే కొంచెం వింతగా ఉండొచ్చు. మన అసెంబ్లీల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో అయిపోతాయి, అవునన్నవాళ్లు గట్టిగా అరిచారు, బిల్లు ఆమోదం పొందింది, అంతే. మన ఎమ్మెల్యే ఏమన్నాడో రికార్డులో ఉండదు, ఉన్నా విప్ జారీ అయ్యాక పార్టీ గీత దాటితే సభ్యత్వమే పోవచ్చు, కాబట్టి ఎందుకలా ఓటేశారు అన్న ప్రశ్నకి అర్థమే ఉండదు. ఇక్కడ బిల్లు మీద చివరి ఓటు ప్రతి సభ్యుడి పేరుతో సహా సభ జర్నల్‌లో ఉంటుంది. రికార్డు ఉంది కాబట్టి అడిగే హక్కు వచ్చింది, జవాబు నాణ్యత మాత్రం మనిషిని బట్టి. అన్నట్టు, ఇక్కడ ఓటు హక్కు లేని హెచ్-1బీ వాళ్లు కూడా రాయొచ్చు, అడ్రస్ వాళ్ల జిల్లాలో ఉంటే చాలామంది పట్టించుకుంటారు, పౌరసత్వం ఎవరూ అడగరు.

వాడుకోవాలనుకునేవాళ్లకి నాకు తెలిసినంత చెప్తా. "పైప్‌లైన్ మీద మీ వైఖరి ఏంటి" అని రాస్తే పునాది ఉత్తరమే వస్తుంది, బిల్లు నంబరు వేసి, పేజీ చెప్పి, ఫలానా వాక్యం ఎందుకు ఒప్పుకున్నారు అని రాయండి. లెజిస్లేచర్ వెబ్‌సైట్‌లో బిల్లు పేజీకి వెళ్తే లాబీయిస్టుల (సంస్థల తరఫున సభ్యుల్ని ఒప్పించేవాళ్ల) డిక్లరేషన్లు అని ఒక లింకు ఉంటుంది, ఎవరు అనుకూలం, ఎవరు వ్యతిరేకం, ఎవరు తేల్చుకోలేదు అని వరసగా పేర్లుంటాయి. ఇది చాలామంది తెలుగువాళ్లకి తెలియదు. ఈ పైప్‌లైన్ గొడవలో పర్యావరణ సంఘమైన సియెర్రా క్లబ్ వాళ్లూ, ట్రంప్ టోపీ పెట్టుకునే రైతులూ ఒక పక్కన, ఇథనాల్ సంఘం వాళ్లు ఇంకో పక్కన ఉంటారు, ఆ జాబితా చూస్తూ ఉంటే సీరియల్ కన్నా బాగుంటుంది. సబ్‌కమిటీ దశలో అయితే ఎక్కువగా ముగ్గురే సభ్యులుంటారు, మామూలు మనుషులు కూడా వెళ్లి మాట్లాడొచ్చు, ఓటుకి ముందు చెప్పాలనుకున్నవాళ్లకి అదే మంచి చోటు. ఫోన్ చేసేటప్పుడు క్లర్క్‌తో మర్యాదగా ఉండండి, మీ ఈమెయిల్ ఏ కుప్పలో పడుతుందో తేల్చేది ఆ అమ్మాయే.

కొత్త సెషన్ ఏటా జనవరి రెండో సోమవారం మొదలవుతుంది, పైప్‌లైన్ మళ్లీ వస్తుందని వీటో అయ్యాక అందరూ అన్నారు. రిప్రజెంటేటివ్ సంతకం ప్రశ్నకి అవునో కాదో ఒక్క మాట చెప్తే ఈ రివ్యూలో మూడున్నరకి మారుస్తా, అదేమీ పెద్ద షరతు కాదు. శనివారం ఫోరమ్‌కి వెళ్లేవాళ్లు పది నిమిషాలు ముందే వెళ్లి అట్టముక్క తీసుకోండి, ప్రశ్న పెద్ద అక్షరాలతో ఒకే వాక్యంలో రాయండి, మోడరేటర్‌కి కుదించే చోటు ఉండకూడదు. కారు లైబ్రరీ వెనక పెట్టుకోండి, ముందున్నవన్నీ రెండు గంటల పార్కింగ్, వీళ్ల మాటలు రెండు గంటల్లో అవ్వవు.